నాలుక మీద నలుపు

కిందటి వారం తాతారావుని పెడనలో తన అద్దకం షెడ్డు ముందు, చెవికి ఫోను ఆనించుకుని తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి వచ్చేశాం. ఏడు రోజులపాటు ఒక మనిషి చేత అలా నోరు తెరిపించి ఉంచడం పళ్ళ డాక్టరు కూడా చెయ్యని పని. అవతల మాట్లాడింది బందరు సెంటరు నర్సు షీబా. "సోమవారం ఇచ్చిన రక్తంలో లివరు నంబర్లు నాలుగింతలున్నాయండీ మేస్త్రి గారూ! రేపటి మందు మీకు లేదు. పొద్దున్నే నేనే వస్తున్నాను, ఎక్కడికీ వెళ్ళకండి" అని పెట్టేసింది.

ఎక్కడికని వెళ్తాడు? మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. పెద్దపేగులో పుట్టిన గడ్డ లివరు దాకా పాకి అక్కడ రెండు పిల్లల్ని పెట్టినప్పటి నుంచీ తాతారావు యాత్రలన్నీ అవే. మూడు వారాలకోసారి మాత్రం బెజవాడ ఆసుపత్రి అనే పెద్ద తిరునాళ్ళు. మామూలు కీమో ఎనిమిది విడతలు ఎక్కించారు. తగ్గుతుందా అని చుట్టాలు అడిగితే "కీమో... ఏమో!" అనేవాడు. ఎనిమిదో విడత అయ్యాక డాక్టర్లూ ఆ మాటే అన్నారు, కాకపోతే ఇంగ్లీషులో అన్నారు. అప్పుడు దొరికింది ఈ కొత్త మందు ట్రయల్. మూడు విడతలకే పెద్దగడ్డ ఐదు సెంటీమీటర్ల నుంచి మూడున్నరకి దిగింది. గడ్డుకాలంలో గడ్డ దిగడం కంటే శుభవార్త ఏముంటుంది? ఆ శుభవార్త నెత్తిన పడిన పిడుగే షీబా ఫోను.

గురువారం తెల్లారింది. ఆషాఢం ముసురు పట్టి, ఆరేసిన గుడ్డ ఆరనూ ఆరదు, తడవనూ తడవదు. తాతారావు ఒంటి స్థితీ అదే. షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రాగి డేగిసా కింద పుల్లలు ఎగదోయాలనుకుంటాడు. అనుకోవడంతోనే ఓపిక అయిపోతుంది. అలసట అని పేరు పెట్టినవాడెవడో గానీ పప్పులో కాలేశాడు. అలైతే వచ్చి పోవాలి కదా! ఇది వచ్చి కూర్చున్న సముద్రం.

లోపల బల్ల మీద లక్ష్మీదుర్గ అచ్చు వేస్తోంది. అచ్చుని రంగుమెత్త మీద ఆనించి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. టక్. మళ్ళీ టక్. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ చప్పుడు ఆగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెళ్ళాం గుద్దుతుంటే ఇల్లు నడిచే అదృష్టం పెడనలో మొగుళ్ళకే ఉందని తాతారావు ఊరంతా చెప్పుకునేవాడు. ఈమధ్య చెప్పడం మానేశాడు. జోకు కూడా మోతబరువే మరి.

షీబా పదింటికి దిగింది. గుడివాడ పిల్ల. ముప్పై ఉంటాయి. నాగాయలంక నుంచి గుడివాడ దాకా ట్రయల్లో చేరిన రోగులందరి మంచీచెడ్డా ఆమెదే, కనక సగం జీవితం బస్సుల్లోనే నిలబడి గడిపేసింది. గొడుగు దులిపి, సంచీలోంచి రోగి డైరీ తీసి, స్టూలు మీద కూలబడింది.

"ఏం తాగుతావమ్మా? మజ్జిగా, టీయా?"

"ముందు మీరేం తాగారో చెప్పండి మేస్త్రి గారూ. తర్వాత నా సంగతి చూద్దాం."

తాతారావు నవ్వబోయాడు. నవ్వు సగందాకా వచ్చి వెనక్కి పోయింది. "ట్రయలంటే మందుకనుకున్నాను. విచారణ నాకా? మరి నా తరఫు ప్లీడరేడీ?"

"మీకు ప్లీడరెందుకండీ, ఆ నోరుండగా! చెప్పండి. సారా?"

"రామ రామ."

"నొప్పి బిళ్ళలు?"

"మీరిచ్చినవే."

"ఆకుపసర్లు, నాటుమందులు, చూర్ణాలు, కషాయాలు?"

లోపల టక్ మనాల్సిన అచ్చు మనలేదు; లక్ష్మీదుర్గ కూడా జవాబు కోసం చెవి ఒగ్గింది.

"కషాయమా?" అన్నాడు తాతారావు. "కాషాయం కూడా కట్టలేదమ్మా ఇంకా."

అచ్చు మళ్ళీ టక్ మంది. షీబా కాగితం మీద 'లేదు' అని రాసుకుంది. రాసేటప్పుడు కళ్ళద్దాలు తీసి నుదురు నొక్కుకుంది. ఆ పిల్ల రాత్రి సరిగ్గా నిద్రపోలేదని తాతారావుకి తెలిసిపోయింది. నిద్రలేనివాళ్ళని నిద్రలేనివాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు.

తను చెప్పింది అబద్ధం. పైకి వచ్చింది పిట్టకథంత చిన్నమాటే గానీ, దానికి తోక ఉంది, ఆ తోక పట్టుకుని వెనక్కి పోతే మూడు వారాలు పోవాలి, ఇంకా పోతే డాక్టర్ కృపావరం గది దాకా పోవాలి.

ట్రయల్లో చేర్చుకునేటప్పుడు కృపావరం గారు ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పారు. "దీన్ని నానో మందంటారు మేస్త్రి గారూ."

"ఎంతసేపు నానాలి సార్?"

డాక్టరు పడీ పడీ నవ్వి, కాగితం మీద చిన్న సున్నా చుట్టారు. "నానేది కాదండీ. ఇదొక కొవ్వు బుడగ. వెంట్రుక మందంలో వెయ్యోవంతు. దీని కడుపులో రెండు మందులుంటాయి. ఇదివరకు ఆ రెండూ మీకు విడివిడిగా ఎక్కించారు. విడివిడిగా పోతే ఏమవుతుంది? ఒకటి గడ్డ దగ్గరికి చేరేసరికి రెండోది మూత్రంలో దిగిపోయి ఉంటుంది. ఇందులో అలా కాదు. మేం కలిపిన పాళ్ళు చెదరకుండా రెండూ ఒకేసారి చేరతాయి. ఒకటి కేన్సరు కణాన్ని కొడుతుంది. కణం మాత్రం ఊరుకుంటుందా? లోపలికొచ్చిన మందుని బయటికి గెంటే తలుపొకటి పెట్టుకుంటుంది. రెండో మందు ఆ తలుపు మూస్తుంది."

"అంటే మొగుడు తిడుతుంటే పెళ్ళాం గడియ వేసినట్టు."

"అంతే. ఇక బుడగ పైన ఒక కొక్కెం ఉంటుంది. గడ్డ కణాల మీదున్న ముడికే అది ఎక్కువగా తగులుకుంటుంది. మిగతా ఒంటిని చాలావరకు వదిలేస్తుంది."

తాతారావుకి ఠక్కున వెలిగింది. "సార్, ఇది మా పనే! గుడ్డంతా మంజిష్ఠ నీళ్ళలో ఉడుకుతుంది. ఎరుపు మాత్రం పటిక అద్దిన చోటే పడుతుంది. మిగతాదంతా కాలవలో జాడిస్తే పోతుంది. రంగుది కాదు సార్ గొప్ప, పటికది!"

కృపావరం గారు లేచి వచ్చి భుజం తట్టారు. "ఎంతమంది జూనియర్లకి చెప్పానో! ఇంత బాగా ఒక్కడికీ ఎక్కలేదు."

ఆ తట్టు తట్టకపోయి ఉంటే ఈ వారం కథే ఉండేది కాదు. తెలియనివాడికి భయముంటుంది, తెలిసినవాడికి జాగ్రత్త ఉంటుంది. సగం తెలిసి, దానికి డాక్టరు మెప్పు కూడా తోడైనవాడికి రెండూ ఉండవు. మూడో విడతకి గడ్డ దిగిందనగానే తాతారావుకి సంతోషం పట్టలేదు, దానితోపాటు ఆశా పట్టలేదు. మూడున్నర దగ్గరే ఎందుకాగింది? సాంతం ఎందుకు పోలేదు? రంగు పలచగా పడిందంటే అద్దకంవాడు రంగుని తిట్టడు, గుడ్డని చూస్తాడు. కోరా గుడ్డకి కరక్కాయ పట్టించకుండా అద్దితే ఏ రంగైనా అంతే. కరక్కాయ పొడి గేదెపాలలో కలిపి, గుడ్డని ముంచి, పిండి, ఎండబెట్టి, ఆ తర్వాత కదా పటిక! మరి నా ఒంటికి కరక్కాయ ఎవరు పట్టించారు? ఒళ్ళు కోరాగానే ఉంది కదా!

మర్నాటి నుంచీ పరగడుపున, లక్ష్మీదుర్గ కాలవకి వెళ్ళాక, షెడ్డులో డబ్బాలోంచి పిడికెడు కరక్కాయ పొడి గ్లాసుడు గేదెపాలలో కలుపుకుని గటగటా తాగేశాడు. చివర్లో చిటికెడు పటిక. మూడు వారాలు. గొంతు మొదలు పేగు చివర దాకా వగరు.

"మేస్త్రి గారూ, వింటున్నారా?" అంటోంది షీబా.

"ఆఁ, చెప్పమ్మా."

"ఇవాళ మూడింటికి కమిటీ కూర్చుంటుంది. మీ డోసులో ఉన్నది ఆరుగురు. కిందటి నెల ఒకరికి లివరు దెబ్బతింది, మందువల్లేనని తేల్చారు. ఇప్పుడు మీది రెండోది. ఆరుగురిలో ఇద్దరికొస్తే ఆ డోసు మనిషి తట్టుకోలేడని లెక్క. ఆపేస్తారు. అందర్నీ కింది డోసుకి దించేస్తారు."

"దించితే దించారు. కింద మాత్రం మందు కాదా?"

"మందే. కానీ కింది డోసులో గడ్డ తగ్గినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరండీ."

తాతారావు డేగిసా కేసి చూశాడు. నీళ్ళు కాగి చాలాసేపయింది. ఎవరూ పట్టించుకోవట్లేదు.

"మరి ఇది మందువల్ల కాదు, ఇంకోదానివల్ల అని తేలితే?"

"అప్పుడు మీది లెక్కలోకి రాదు. డోసు నిలబడుతుంది."

"నేను?"

షీబా డైరీ మూసి మళ్ళీ తెరిచింది. "చెప్పకుండా వేరే మందు వాడినవాళ్ళని ట్రయల్లోంచి తీసెయ్యొచ్చని రూలుందండీ. తీసేస్తారని కాదు. తియ్యరనీ కాదు. నా చేతుల్లో లేదు."

చెప్పకుండా ఉంటే ఐదుగురి నోటిదగ్గర మందు పోతుంది. చెబితే తన నోటిదగ్గరది పోతుంది. ఎంత చక్కటి అచ్చు! ఎటు తిప్పి వేసినా నల్లగానే పడుతుంది.

ఆ ఐదుగురిలో నలుగురి మొహాలు తాతారావుకి తెలియవు. ఐదో మొహం మాత్రం బాగా తెలుసు. నాగాయలంక చిలకమ్మ. చేపల బుట్టతో మొదలుపెట్టి ఐసు పెట్టెల దాకా ఎదిగిన మనిషి. బందరు సెంటర్లో రక్తం ఇచ్చేచోట మొదటిసారి కలిసినప్పుడు, సూది చూసి కళ్ళు మూసుకున్న తాతారావుతో "ఏం బావా, రంగులోళ్ళకి ఎరుపంటే భయమా?" అంది. అడగని చుట్టరికం అలా కలిసింది. అప్పటికామె పొట్టలో నీరు చేరి మెట్లు ఎక్కలేకపోయేది. మొన్న సోమవారం చూస్తే, బస్సు కదిలిపోతుంటే పరిగెత్తి ఎక్కింది! ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "చూశావా బావా, మన బుడగలు పైకి తేల్చాయి నన్ను" అని అరిచింది.

"నాలుక చూపించండి" అంది షీబా.

చూపించాడు. ఆమె ఫోను లైటు వేసి వంగి చూసి, భృకుటి ముడిచింది. "ఇదేంటండీ, ఇంత నలుపు?"

"మీరిచ్చిన ఐరన్ టానిక్కేనమ్మా. రక్తం పట్టాలని ఇచ్చారుగా."

"టానిక్కు పళ్ళకి చార పడితే పడుతుంది. నాలుకంతా ఇలా కాటుక రాసినట్టు నేనెక్కడా చూళ్ళేదు. అమ్మా, లక్ష్మీదుర్గ గారూ! ఒకసారి ఇలా రండి. ఇదెప్పటినుంచండీ?"

చేతులు పమిటకి తుడుచుకుంటూ లక్ష్మీదుర్గ వచ్చింది. మొగుడి గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది.

పెడనలో అద్దకం పనిచేసే ఆడదానికి నలుపులో ఎన్ని నలుపులున్నాయో చెప్పక్కర్లేదు. మసి నలుపు వేరు, బురద నలుపు వేరు. తుప్పు ఇనుముని బెల్లంనీళ్ళలో పులియబెట్టి తీసే కసిం వేరు. ఆ కసిం ఉత్త గుడ్డ మీద పడితే తుప్పు మరకే. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడిందా, కాకి నలుపు. ఇనుమూ కరక్కాయా కలవందే ఆ రంగు ఈ భూమ్మీద పుట్టదు. ఇనుము టానిక్కు సీసాలో ఉంది. మరి కరక్కాయ?

ఆమె చూపు మెల్లిగా షెడ్డు మూలకి వెళ్ళింది. అక్కడ డబ్బా. మూడు వారాల నుంచీ పొడి తొందరగా తరిగిపోతోందని పనివాళ్ళ మీద కేకలేస్తూనే ఉంది. చూపు డబ్బా దగ్గర్నుంచి తిరిగొచ్చి మొగుడి కళ్ళలో ఆగింది. గడ్డం పట్టుకున్న వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి.

అయిపోయింది, అనుకున్నాడు తాతారావు. అనుకోగానే ఎందుకో ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. తను చెప్పక్కర్లేదు. ఇదే చెప్పేస్తుంది.

"నేరేడు పళ్ళండీ" అంది లక్ష్మీదుర్గ.

షీబా తలెత్తింది.

"ఈ కాలంలో దొరికేవే కదండీ. వద్దంటే వినడు. రోజూ అరకిలో లాగించేస్తున్నాడు. నిన్న సాయంత్రం కూడా తిన్నాడు. మొహం కడుక్కోమంటే కడుక్కోడు." గడ్డం వదిలేసి, వెనక్కి తిరిగి, బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అచ్చు టక్ మంది. రెండోది టక్ మంది. తాతారావు కూర్చున్నచోటి నుంచే చూశాడు. తీగకి తీగ కలవాల్సిన చోట వేలెడు ఎడం వచ్చింది. లక్ష్మీదుర్గ చేతిలో అతుకు తప్పడం ఈ ముప్పై రెండేళ్ళలో చూడలేదు. పెళ్ళిరోజున తలంబ్రాలు కూడా గురి తప్పకుండా పోసిన మనిషి.

షీబా డైరీలో 'నేరేడు పళ్ళు' అని రాసింది. పేజీ తిప్పి పెన్ను చేతికిచ్చింది. "ఇక్కడ సంతకం పెట్టండి. పైన రాసినవి తప్ప ఇంకేమీ తీసుకోలేదని. కమిటీవాళ్ళు ఇది చూసే నిర్ణయిస్తారు."

పెన్ను బరువుగా ఉంది. ఈ రోజుల్లో ఏది బరువుగా లేదు గనక! తాతారావు కాగితం కేసి చూశాడు. సంతకం పెడితే తనకి కింది డోసైనా మిగులుతుంది. పనిచెయ్యని మందైనా మందు మందే. మూడు వారాలకో గురువారం వెళ్ళి పడుకోవచ్చు, సూది పెట్టించుకోవచ్చు, ఇంకా ఆటలో ఉన్నాననుకోవచ్చు. చిలకమ్మకీ అదే మందు దొరుకుతుంది. ఆమె పొట్టలోకి నీరు మళ్ళీ వస్తుంది. మెట్ల దగ్గర ఆగిపోతుంది. ఆగి, "మన బుడగలు పేలిపోయాయేంటి బావా?" అని అడుగుతుంది. అప్పుడు దానికీ ఒక జోకు వెయ్యాలి. దానికీ ఓపిక కావాలి. నిజానికి ఈ అబద్ధం మొయ్యడానికే బోలెడు ఓపిక కావాలి. ఎవరికేం చెప్పామో గుర్తుంచుకోవాలి, పెళ్ళాం ఆడిన అబద్ధానికి అతుకు వేసుకుంటూ పోవాలి. సత్యహరిశ్చంద్రుడు నిజంగా గొప్పవాడో, లేక బాగా అలిసిపోయినవాడో!

పెన్ను మూత పెట్టాడు.

"షీబమ్మా, నేరేడు పళ్ళు కాదు."

లోపల అచ్చు గాలిలోనే ఆగిపోయింది.

"కరక్కాయ. పిడికెడు. గేదెపాలలో. మూడు వారాల నుంచి రోజూ. పైన చిటికెడు పటిక. మా దుర్గకి తెలీదు. ఇప్పుడు నా నాలుక చూసి కనిపెట్టింది. ఆవిడ మీదేమీ రాయకు."

లక్ష్మీదుర్గ చేతిలో అచ్చుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నా చేత అబద్ధమాడించావు కదయ్యా!"

"నేనాడమన్నానా?"

"ఆడకపోతే నిన్ను బయటికి గెంటేస్తారని కదా ఆడింది! నోరు మూసుకుని సంతకం పెడితే పోయేది కదా! జన్మంతా అనవసరమైనచోట నోరు తెరిచావు, ఇప్పుడూ అంతేనా? ఆ చిలకమ్మ ఎవరని? ఆ ఐదుగురూ ఎవరని? నేనెవర్ని మరి?" అచ్చుని బల్ల మీద పెట్టి, ఇటు వీపు తిప్పేసుకుంది.

మామూలుగా ఇలాంటిచోట తాతారావు దగ్గర జోకు ఉండేది. ఇవాళ రాలేదు.

"ఎందుకు తాగారండీ?" అంది షీబా చివరికి. కోపంగా అనలేదు. చివరి బస్సు తప్పిపోయినవాళ్ళు అన్నట్టు అంది.

"మందు బాగా పట్టాలని. కరక్కాయ పట్టనిదే రంగు నిలవదు కదమ్మా. మీ డాక్టరుగారే అన్నారు సరిగ్గా అర్థం చేసుకున్నావని."

"మందు సంగతి అర్థం చేసుకున్నారండీ. మనిషి గుడ్డ కాదు కదా! గుడ్డకి లివరుంటుందా? నాలుగు పలుకులు బుగ్గన పెట్టుకోవడం వేరు, పిడికెడు తాగడం వేరు. పైగా అది అద్దకానికి తెచ్చిన పొడి, నోట్లో వేసుకోవడానికి కాదు. అందులో ఇంకేం కలిసిందో అమ్మినవాడికే తెలీదు. దాంట్లో పటిక! ఆ బుడగల్ని సర్దుకోలేక లివరు ఇప్పటికే ఎంత అవస్థ పడుతోందో! మీరు దాని నెత్తిన ఇంకో మూట పెట్టారు."

"మంచే చేద్దామనుకున్నాను."

"తెలుసండీ. చెడు చేసేవాళ్ళయితే నాకు సులువుగా ఉండేది" అని ఫోను తీసి కృపావరం గారికి చేసింది. స్పీకరు పెట్టింది. ఆయన అంతా విన్నారు.

"తాతారావు గారూ."

"సార్."

"ఆరోజు మీ భుజం తట్టి ఊరుకున్నాను. పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పి ఉండాల్సింది. ఆ తప్పు నాదే." గొంతులో ఆయనకీ అలసట ఉంది. "మీరు చెప్పారు కనక డోసు నిలబడొచ్చు. మీ తరఫున మూడింటికి నేను మాట్లాడతాను. ఏమవుతుందో మాటివ్వలేను. షీబా, ఒక్కటి. ఇలాంటివి ఇంకెవరైనా తాగుతున్నారేమో ఇప్పుడే కనుక్కో. తాగుతుంటే మానేసి రెండు వారాలు గడిచేదాకా మందు ఎక్కించొద్దు. నేను ఇంకో వార్డులో ఉన్నాను, పేషెంటు సీరియస్." ఫోను పెట్టేశారు.

షీబా డైరీలో 'నేరేడు పళ్ళు' కొట్టేసి పైన రాయడం మొదలుపెట్టింది. ముసురు కొంచెం పెద్దదై రేకు మీద చిటపటలాడింది. ఆరేసిన గుడ్డలు తియ్యడానికి ఎవరూ లేవలేదు.

"షీబమ్మా" అన్నాడు తాతారావు. "ఇవాళ గురువారం కదూ?"

"ఆఁ."

"నాకు లేదన్నావు. మరి మిగతావాళ్ళకి నాలుగో విడత ఇవాళేనా?"

"చిలకమ్మకి ఇవాళే. ఆవిడ రిపోర్టు శుభ్రంగా ఉంది. సోమవారం రక్తం ముత్యంలా ఉంది." రాస్తూ రాస్తూ పెన్ను ఆపింది. తల మెల్లిగా ఎత్తింది. "ఎందుకడుగుతున్నారు?"

తాతారావు పెదాలు తడుపుకోబోయాడు. నాలుక వగరుగా, అట్టముక్కలా తగిలింది.

"సోమవారం రక్తం ఇచ్చాక... బందరు బస్టాండులో... ఒక పొట్లం ఇచ్చాను."

"ఎవరికి?"

"నాకు పనిచేస్తోందనుకున్నానమ్మా. నేనొక్కణ్ణే బాగుపడడమేంటని... మంగళవారం నుంచీ పరగడుపున తాగమన్నాను. మూడు రోజులే కదా టైముందని, నాకంటే రెట్టింపు కలుపుకోమన్నాను. నర్సులు అడిగితే ఏమీ లేదని చెప్పమన్నాను. మీకు మా అద్దకం అర్థం కాదని."

షీబా అప్పటికే బెజవాడ వార్డు నంబరుకి చేస్తోంది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. కృపావరం గారికి చేసింది. మోగింది, ఎత్తలేదు. లక్ష్మీదుర్గ లోపలికెళ్ళి మొగుడి ఫోను తెచ్చి, తనే చిలకమ్మ పేరు వెతికి, నొక్కి, చేతిలో పెట్టింది.

రెండో గంటకే ఎత్తింది చిలకమ్మ. షెడ్డంతా వినబడే గొంతు.

"ఆఁ మేస్త్రి బావా! నూరేళ్ళు నీకు! ఇప్పుడే అనుకుంటున్నా. ఏంటి, ఇవాళ నువ్వు రాలేదని మంచం ఖాళీగా పెట్టారు. పక్కన జోకులేసేవాడు లేక నోరు కట్టేసినట్టుంది."

"చిలకమ్మా! మందు మొదలుపెట్టారా?"

"మొదలెట్టడమేంటి, తొమ్మిదిన్నరకే గుచ్చేశారు! సీసా సగం పైన దిగిపోయింది. పొద్దున నీ కషాయం గ్లాసున్నర కొట్టి మరీ బస్సెక్కాలే. కడుపులో తిప్పినా కక్కలేదు, ఒట్టు. నర్సమ్మ అడిగింది, ఏమన్నా తాగావా అని. నువ్వన్నట్టే లేదన్నా."

షీబా ఫోను లాక్కోవడానికి చెయ్యి చాచింది.

"ఒకటడుగుతా చెప్పు బావా" అంటోంది చిలకమ్మ. గొంతు కొంచెం తగ్గించింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు మాటల మధ్యలోంచి వినబడుతోంది. "పది నిమిషాల నుంచీ ఒళ్ళు సలసలా కాగిపోతోంది. లోపల్నించి సెగ. రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగట్లా. నర్సమ్మని పిలుద్దామని, మళ్ళీ పిలవలా. పిలిస్తే మందు ఆపేస్తారేమోనని. ఇదేనా బావా... మందు పట్టడమంటే ఇదేనా?"